వైవా తర్వాతి ఏడాది: వరంగల్ విశ్వవిద్యాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులు, డైరెక్టర్లు, రిజిస్ట్రార్లు, పాలకమండలి సభ్యులందరికీ నమస్కారం.

నేను ములుగు రోడ్డు పారిశ్రామికవాడలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను. చదివింది పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా. గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీల పని ఏడాది పొడవునా ఉంటుంది. జనవరి వచ్చిందంటే మాత్రం మీ విద్యార్థులు మొదలవుతారు. బీటెక్, ఎంటెక్ పిల్లలు ప్రాజెక్టుల కోసం వస్తారు. పీహెచ్‌డీ స్కాలర్లు ప్రయోగాలకు వాడే టెస్ట్ రిగ్గుల కోసం వస్తారు. "అన్నా, ఈ షీటు ఇంత వంగుతదా? ఇక్కడ వెల్డింగ్ పడుతదా?" అని అడుగుతూ రాత్రి పొద్దుపోయేదాకా మా కుర్రాళ్లతోపాటే నిలబడతారు. వాళ్లంటే మాకు ఇష్టం. వాళ్ల పని వచ్చిందంటే మా వెల్డర్లు కూడా హుషారవుతారు, ఎందుకంటే రోజూ చేసే గేటు కాదు కదా అది.

ఏప్రిల్, మే నెలల్లో వైవాలు, అంటే చేసిన పని మీద జరిగే మౌఖిక పరీక్షలు, అయిపోతాయి. తర్వాత ఆ యంత్రం సంగతి అడిగేవాళ్లు ఉండరు. కొన్ని డిపార్ట్‌మెంట్ వరండాల్లో తుప్పు పడతాయి, కొన్ని మా షెడ్డు వెనకే ఉండిపోతాయి. చివరికి కిలోల లెక్కన పాత ఇనుము కొనేవాళ్లకు వెళ్తాయి. వాటిలో చాలావరకు మార్కుల కోసం చేసినవే, అవి పోయినా నష్టం లేదు. కానీ దాదాపు ప్రతి సంవత్సరం ఒకటో రెండో నిజంగా పనికొచ్చేవి ఉంటాయి. కొనేవాళ్లు కూడా ఉంటారు. వాటిని తుక్కులోకి పంపాల్సి వచ్చినప్పుడల్లా బాధేస్తుంది. అందుకే ఈ లేఖ.

నేను అడిగేది ఒక్కటే. వైవా అయిన రోజు నుంచి మొదటి కొనుగోలుదారు చేతికి వస్తువు అందేదాకా మధ్యలో సుమారు ఒక ఏడాది ఉంటుంది. ఆ ఏడాది బాధ్యత మీరు తీసుకోండి. అంతకుముందు గైడ్ ఉంటారు, ఫెలోషిప్ ఉంటుంది, ల్యాబ్ ఉంటుంది. కంపెనీ నిలబడ్డాక బ్యాంకులు, పెట్టుబడిదారులు, స్టార్టప్‌లకు చేయూతనిచ్చే హైదరాబాద్‌లోని టీ-హబ్ లాంటివి ఉన్నాయి. మధ్యలో ఉన్న ఆ ఏడాదికే దిక్కు లేదు.

నా కళ్లముందు జరిగిన ఒక సంగతి చెబుతాను. సంస్థ పేరు, మనిషి పేరు రాయను. ఎవరినో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు.

మిర్చి పండించే రైతు కష్టం మీకు తెలిసిందే. చెట్టు మీద పండిన కాయలో సగానికి చాలా ఎక్కువగా, డెబ్బై ఎనభై శాతం దాకా నీరే ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చేసరికి అది పది శాతం దగ్గరికి రావాలి. కల్లంలో పట్టాల మీద ఆరబోసి రోజుల తరబడి కాపలా కాయాలి. మంచు పడ్డా, మబ్బు పట్టినా, అకాల వాన కురిసినా కాయ రంగు మారుతుంది, బూజు పడుతుంది, తాలు కింద పోతుంది. బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం ఎక్కువైతే ఎగుమతికి పనికిరాదు. ఒక రీసెర్చ్ స్కాలర్ దీని మీదే థీసిస్ చేశాడు. పత్తి కట్టె మంటతో గాలిని వేడి చేసి, పొగ కాయకు తగలకుండా, ఆ గాలిని ట్రేల మధ్య నుంచి పంపే డ్రయ్యర్ అది. పత్తి ఏరడం అయిపోయాక మన దగ్గర రైతులు ఆ కట్టెను చేలోనే తగలబెడతారు. అదే ఇంధనమైంది. వేడి కాస్త హెచ్చితే కాయ నల్లబడుతుంది, రంగు పోతే ధర పోతుంది. అందుకని మంటను అదుపులో పెట్టే మూత దగ్గరే అతను ఎక్కువ కాలం కొట్టుకున్నాడు. ఆ మూతను మా షెడ్డులో కోసి, అతికించి, మళ్లీ కోసి, చివరికి కుదిర్చాం.

నర్సంపేట వైపు నుంచి ఒక రైతు సంఘం వాళ్లు వచ్చి చూశారు. తమ కాయ తెచ్చి ఆరబెట్టి చూసుకున్నారు. కొంటామన్నారు, బిల్లు ఇవ్వమన్నారు. కథ అక్కడే ఆగిపోయింది.

బిల్లు ఎవరివ్వాలి? ఫెలోషిప్ మీద ఉన్న స్కాలర్ ఇవ్వలేడు. ఇనుము, కూలీ లెక్క రాసి నేను ఇవ్వగలను గానీ, ఆ డిజైన్ నాది కాదు, దానికి నేను పూచీ పడలేను. గైడ్ మంచి మనిషి. కానీ విశ్వవిద్యాలయం సొమ్ముతో చేసినదాన్ని బయట అమ్మితే రేపు విచారణ వస్తుందేమోనని ఆయన భయం. ఆ భయం అర్థం లేనిదని నేను అనను. అనుమతి కోసం లేఖ పెట్టారు. డిపార్ట్‌మెంట్ నుంచి డీన్‌కు, అక్కడి నుంచి పైకి ఫైలు వెళ్లింది. దాన్ని చూడాల్సిన కమిటీ సమావేశమే జరగలేదు. ఈలోగా ఫెలోషిప్ అయిపోయింది, హాస్టల్ గది ఖాళీ చేయమన్నారు, ల్యాబ్ తాళం చెవి అప్పగించాల్సి వచ్చింది. ఇంటి దగ్గర అప్పులున్నాయి. అతను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. సంఘం వాళ్లు ఆ ఏడు కూడా కాయను పట్టాల మీదే ఆరబోశారు.

ఇక్కడ ఎవరూ కావాలని అడ్డం పడలేదు. కాదని చెప్పినవాళ్లూ లేరు. సరే అని చెప్పే అధికారం ఎవరిదో రాసిపెట్టి లేదు, అంతే. ఆ ఒక్క లోటు వల్ల ప్రజల డబ్బుతో ఏళ్ల తరబడి జరిగిన పరిశోధన ఆగిపోయింది. నారు పోసి, నీళ్లు పెట్టి, తీరా నాటు వేసే రోజున మడి వదిలేసి వచ్చినట్టు ఉంది ఇది.

అలాగని మన ప్రాంతంలో పరిశోధన ఎప్పుడూ గేటు దాటలేదని కాదు. జగిత్యాల సన్నాలు, వరంగల్ సన్నాలు అనే పేర్లు వినని రైతు ఉత్తర తెలంగాణలో ఉండడు. అవి పరిశోధన కేంద్రాల్లో పుట్టిన వంగడాలే. శాస్త్రవేత్త విత్తనం తయారు చేశాక దాన్ని ఏం చేయాలో ముందే నిర్ణయమై ఉంది. బ్రీడర్ విత్తనం, దాని నుంచి ఫౌండేషన్ విత్తనం, దాని నుంచి సర్టిఫైడ్ విత్తనం, ఆ తర్వాత రైతు. ప్రతి మెట్టు దగ్గర ఒక సంస్థ ఉంది, దాని పని అదే. ఆ శాస్త్రవేత్త రిటైరైనా, బదిలీ అయినా విత్తనం పొలానికి చేరుతుంది. ఇంజనీరింగ్‌కు, ఫార్మసీకి, కెమిస్ట్రీకి అలాంటి దారి వేయలేదు. అక్కడ అంతా ఒక్క మనిషి ఓపిక మీద నడుస్తోంది.

దారి వేయడానికి ఢిల్లీ నుంచి కొత్త చట్టం రావాలా అంటే, అక్కర్లేదు. ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పరిశోధన మీద హక్కుల గురించి అమెరికా 1980లోనే చట్టం చేసింది. మన దగ్గర అలాంటి బిల్లు 2008లో పార్లమెంటు ముందుకు వచ్చింది గానీ చట్టం కాలేదు. అంటే ఈ విషయంలో ఏ సంస్థకు ఆ సంస్థే నియమం రాసుకోవచ్చు. ఎలా రాసుకోవాలో కేంద్ర విద్యాశాఖ 2019లో ఇచ్చిన జాతీయ ఆవిష్కరణల, స్టార్టప్ విధానంలో వివరంగా ఉంది. సంస్థ సొమ్ము, పరికరాలు గణనీయంగా వాడి చేసిన ఆవిష్కరణ మీద సంస్థకూ, కనిపెట్టినవాళ్లకూ ఉమ్మడి హక్కు ఉండాలంటుంది. కొత్త కంపెనీకి చోటు, పరికరాలు ఇచ్చి నిలబెట్టే ఇంక్యుబేషన్ సాయం చేసినందుకు సంస్థ ఆ స్టార్టప్‌లో 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చంటుంది. వివాదం వస్తే కనీసం ఐదుగురితో కమిటీ వేయాలి, అందులో అధ్యాపకులతోపాటు పరిశ్రమ అనుభవం ఉన్న పూర్వ విద్యార్థులు, న్యాయ సలహాదారు ఉండాలి. అధ్యాపకులు సెలవు పెట్టి కంపెనీ పని చూసుకోవచ్చు. విద్యార్థులు అనుమతి తీసుకుని క్యాంపస్ చిరునామా మీదే కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చు. సంస్థ వార్షిక బడ్జెట్‌లో కనీసం 1 శాతం దీనికి కేటాయించాలని కూడా ఉంది. ఇంత స్పష్టంగా రాసి ఉంది. దీన్ని మీ పాలకమండలిలో పెట్టి, ఆమోదించి, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ప్రతి డిపార్ట్‌మెంట్ గోడ మీద అంటించడానికి ఎంతకాలం పడుతుంది? ఇప్పటికే ఆమోదించిన సంస్థ ఉంటే వారికి నమస్కారం. వారిని అడిగేది, ఆ సంగతి మీ స్కాలర్లకు తెలిసేలా చేయమని. మా షెడ్డుకు వచ్చే పిల్లల్లో దీని గురించి తెలిసినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు.

వాటా దగ్గర బేరం సాగదీయకండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గూగుల్ వెనక ఉన్న పేటెంట్‌ను తన ఇద్దరు విద్యార్థులు పెట్టిన ఆ కంపెనీకే లైసెన్స్ ఇచ్చి, బదులుగా కొన్ని షేర్లు తీసుకుంది. 2005లో ఆ షేర్లు అమ్మితే 33.6 కోట్ల డాలర్లు వచ్చాయి. మన దగ్గర ప్రతిదీ గూగుల్ అవుతుందని కాదు. కానీ ఇంకా పుట్టని కంపెనీలో ఎక్కువ వాటా కోసం ఫైలు ఆపితే సంస్థకు మిగిలేది ఏమీ ఉండదు. దరఖాస్తు అందిన 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలని, చెప్పకపోతే విధానంలో ఉన్న షరతుల ప్రకారం అనుమతి వచ్చినట్టే అని రాయండి. నాకు తెలిసినంతలో ఈ ఒక్క వాక్యం చేసే మేలు పెద్ద భవనం కూడా చేయదు.

భవనాలు వద్దని కాదు. నిట్‌లో ఇంక్యుబేషన్ కేంద్రం ఉంది, కాకతీయలో కె-హబ్ ఉంది, అనంతసాగర్‌లో ఎస్ఆర్ విశ్వవిద్యాలయం వాళ్ల ఇన్నొవేషన్ ఎక్స్ఛేంజ్ ఉంది. వరంగల్‌కు చోటు కొరత లేదు. ఒక సంస్థలో పుట్టిన ఆలోచన పక్క సంస్థ గడప తొక్కడమే కష్టంగా ఉంది. మిర్చి డ్రయ్యర్‌కు మెకానికల్ మనిషి కావాలి, బూజు పరీక్షకు మైక్రోబయాలజీ మనిషి కావాలి, పంట తెలిసిన వ్యవసాయ శాస్త్రవేత్త కావాలి. ముగ్గురూ ఈ ఊళ్లోనే ఉన్నారు, మూడు వేర్వేరు గేట్ల వెనక. 1959లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆర్ఈసీ (ఇప్పటి నిట్), అదే సంవత్సరం మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం, ఆ తర్వాత వచ్చిన హెల్త్ యూనివర్సిటీ, వరంగల్ వ్యవసాయ పరిశోధన కేంద్రం, ఇన్ని ఒకే ఊళ్లో ఉండటం చాలా నగరాలకు లేని భాగ్యం. ఒక సంస్థ స్కాలర్ ఇంకో సంస్థ పరికరాన్ని విద్యార్థి ఫీజుతోనే వాడుకునేలా మీరందరూ కలిసి ఒక ఒప్పందం రాసుకుంటే బాగుంటుంది.

పేటెంట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ జరిగే నష్టం మళ్లీ పూడ్చలేనిది. పీహెచ్‌డీ కావాలంటే పేపర్లు కావాలి, కాబట్టి స్కాలర్ ముందు పేపర్ వేస్తాడు. వేశాక ఆ విషయం కొత్తది కాదు, అందరికీ తెలిసినది అవుతుంది, కొత్తది కానిదానికి పేటెంట్ రాదు. పండిత సభలో పేపర్ చదవడం లాంటి కొన్ని సందర్భాల్లో మన పేటెంట్ చట్టం 12 నెలల వెసులుబాటు ఇస్తుంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోలేం. చేయాల్సింది చిన్న పని. పేపర్ పంపే ముందు పేటెంట్‌కు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయాలి. విద్యా సంస్థలకు పేటెంట్ ఫీజుల్లో 80 శాతం తగ్గిస్తూ 2021లో నిబంధనలు మార్చారు. ఆన్‌లైన్‌లో ప్రొవిజనల్ వేయడానికి ఫీజు ₹1,600. అక్కడి నుంచి పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. ఈలోగా పేపర్ వేసుకోవచ్చు, రైతు దగ్గర పరీక్షించుకోవచ్చు, కొనేవాళ్లు ఉన్నారో లేదో చూసుకోవచ్చు. లేరని తేలితే ఆపేయొచ్చు, పోయేది కొద్ది డబ్బే. థీసిస్ సమర్పణ ఫారంలో "పేపర్ పంపే ముందు పేటెంట్ సెల్‌కు చూపించారా" అనే ఒక గడి చేర్చండి. నేను అడిగేది అంతే.

ఇంకో మాట, నొచ్చుకోవద్దు. ర్యాంకింగుల కోసం, ప్రమోషన్ల కోసం లెక్క పెంచడానికి వేసే పేటెంట్లు ఎక్కువైపోయాయి. దరఖాస్తు వేసిన 18 నెలలకు అది దానంతటదే ప్రచురితమవుతుంది. ప్రచురితం కావడం వేరు, మంజూరు కావడం వేరు. "మా ప్రొఫెసర్‌కు ఇన్ని పేటెంట్లు" అని ఫ్లెక్సీ కట్టిన చోట వాటిలో మంజూరైనవి ఎన్ని, ఎవరికైనా లైసెన్స్ ఇచ్చినవి ఎన్ని అని కూడా రాయించండి. పిల్లలు చూసి నేర్చుకునేది ఆ అంకెల నుంచే.

డబ్బు సంగతి తొందరగా ముగిస్తాను, ఎందుకంటే అదే అసలు అడ్డంకి అని నేను అనుకోను. నమూనా తయారీకి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ నిధి-ప్రయాస్ పథకం కింద ₹10 లక్షల దాకా, బయోటెక్నాలజీ వైపు బైరాక్ వాళ్ల బిగ్ పథకం కింద ₹50 లక్షల దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. వాటికి దరఖాస్తు రాయించే మనిషి లేకపోవడమే ఇబ్బంది. అదనపు బాధ్యతగా ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అప్పగిస్తే, క్లాసులు, పరీక్షలు, ఇన్విజిలేషన్ మధ్య ఆయన ఏం చేయగలరు? ఇదే పూర్తికాలం పనిగా ఒక మనిషిని పెట్టండి. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, లైసెన్స్ ఒప్పందం, దరఖాస్తులు అన్నీ తెలిసినవాళ్లను, జీతం ఇచ్చి.

ఆ మనిషికి తెలుగు బాగా రావాలి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి పీహెచ్‌డీ దాకా వచ్చిన పిల్లలు మీ దగ్గర ఎందరో ఉన్నారు. తన యంత్రంలో గాలి ఏ వైపు నుంచి ఏ వైపుకు పోతుందో మా వెల్డర్‌కు అర్థమయ్యేలా చెప్పగల అమ్మాయి, హైదరాబాద్‌లో ఐదు నిమిషాల ఇంగ్లిష్ పిచ్ అనేసరికి టెన్షన్‌తో మాట తడబడి వెనక్కి వచ్చేస్తుంది. యంత్రంలో లోపం ఉంటే తిప్పి పంపండి, భాషలో తడబాటు చూసి పంపకండి. మీ క్యాంపస్‌లో జరిగే మొదటి విడత ఎంపికలోనైనా తెలుగులో చెప్పుకునే వీలు కల్పించండి. కొనబోయే రైతుకు, నేత కార్మికుడికి ఆమె ఎలాగూ తెలుగులోనే చెప్పాలి.

చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం మీకు తెలుసు. చీర ఒక్కటి నేయాలంటే ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి పోయడానికి, ఆడవాళ్లు చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన ఆ యంత్రం మొదలుపెట్టారు. 1999లో పూర్తి చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనకు ల్యాబ్ లేదు, గైడ్ లేరు, డిగ్రీ లేదు. మధ్యలో బతుకుదెరువు కోసం హైదరాబాద్ వెళ్లి పని చేసుకుంటూనే దాన్ని పూర్తి చేశారు. ఆయన గొప్పతనానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ కథను మీ సభల్లో చెప్పేటప్పుడు, కష్టపడితే అవుతుందని మాత్రమే చెప్పి ఆపేయకండి. ఏళ్ల తరబడి ఒంటరిగా, అప్పులతో ఆయన పడ్డ బాధ ఇంకొకరు పడకూడదనే కదా ప్రజలు పన్నులు కట్టి విశ్వవిద్యాలయాలను పోషిస్తున్నది.

ల్యాబ్ తలుపు తెరిచి ఉంచితే ఏమవుతుందో ఐఐటీ మద్రాస్‌లో కనిపిస్తుంది. 2017లో అక్కడ పుట్టిన అగ్నికుల్ కంపెనీ స్థాపకుల్లో ఆ సంస్థ ప్రొఫెసర్ కూడా ఒకరు. సంస్థ ఆవరణలోనే పనిచేస్తూ 2024 మే 30న శ్రీహరికోట నుంచి తమ రాకెట్‌ను ప్రయోగించారు. మన కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్ నుంచి కూడా ఒక ప్రొఫెసర్ మొదలుపెట్టిన ప్యూర్ ఈవీ ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ వచ్చింది. వాటికి కేంద్రం నిధులున్నాయి, మనతో పోలికేంటి అంటారేమో. నేను పోల్చేది నిధులను కాదు. ప్రొఫెసర్ కంపెనీ పెడితే అక్కడ అనుమానంగా చూడలేదు, అది చాలు. వైవా అయిన స్కాలర్‌కు ఇంకో ఏడాది ల్యాబ్ కార్డు, హాస్టల్‌లో ఒక మంచం, మెస్ ఖర్చుకు సరిపడా కొంత భృతి ఇవ్వడానికి ఐఐటీయే కానక్కర్లేదు.

మొదటి కొనుగోలుదారు మీరే ఎందుకు కాకూడదు? మీ హాస్టళ్లలో వేల మంది తింటారు. మీకు మెస్‌లు ఉన్నాయి, నీటి ట్యాంకులు ఉన్నాయి, తోటలు, ల్యాబులు, ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. మీ విద్యార్థి చేసిన నీటి శుద్ధి పరికరమో, సోలార్ కుక్కరో, చెత్తను ఎరువు చేసే యంత్రమో పరీక్షలో నెగ్గితే ఒకటి కొని వాడండి. స్టార్టప్‌లకు గత టర్నోవర్, పూర్వానుభవం షరతుల నుంచి సడలింపు ఇవ్వవచ్చని కేంద్రం 2017 కొనుగోలు నిబంధనల్లోనే ఉంది. "ఇది మా యూనివర్సిటీలోనే వాడుతున్నారు" అని ఆ విద్యార్థి బయట చెప్పుకోగలిగితే రెండో కొనుగోలుదారు సగం దూరం వచ్చినట్టే.

గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కు ఉంది, సిరిసిల్లలో మరమగ్గాలున్నాయి, కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు ఉన్నారు, నిజామాబాద్‌లో పసుపు ఉంది, రామగుండంలో బొగ్గు బూడిద ఉంది. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చపాటా మిర్చి మన పొలాల్లోనే పండుతోంది. వీళ్లందరికీ రోజూ ఏదో ఒక చిక్కు. ఆ చిక్కుల మీద థీసిస్ రాస్తున్న పిల్లలు మీ దగ్గర ఉన్నారు.

ఈ సంవత్సరం ప్రాజెక్టుల కోసం జనవరిలో పిల్లలు మళ్లీ మా దగ్గరికి వస్తారు. ఆలోపు మీ పాలకమండలి సమావేశాల్లో ఈ విషయం ఎజెండాలో పెట్టండి. ఎవరి వాటా ఎంత, అనుమతి ఎవరిది, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, వైవా తర్వాత ల్యాబ్ ఎంతకాలం అందుబాటులో ఉంటుంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి వెల్లడించండి. మా వైపు నుంచి మేము చేయగలిగింది చేస్తాం. కంపెనీ పెట్టడానికి మీ అనుమతి కాగితంతో వచ్చే ఏ స్కాలర్ దగ్గరా మొదటి నమూనాకు కూలీ తీసుకోం, ఇనుము ఖరీదు మాత్రమే తీసుకుంటాం. ఈ పారిశ్రామికవాడలో లేత్ పనివాళ్లతో, మౌల్డింగ్ పనివాళ్లతో కూడా మాట్లాడాను, కొందరు సరేనన్నారు. మీ సమావేశానికి పిలిస్తే షెడ్డు మూసి మరీ వచ్చి, మా దగ్గర ఆగిపోయిన యంత్రాలు ఏవో, ఎక్కడ ఆగాయో ఒక్కొక్కటిగా చెబుతాను.

ఇట్లు,
మీ విద్యార్థులకు నమూనాలు చేసిపెట్టే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు యజమాని,
ములుగు రోడ్డు, వరంగల్